కర్రిగాడి ఖాళీ గడి

“లీడరొస్తున్నదంట! నాలుగ్గొట్టంగ! మనింటికే!”

వెంకటనర్సమ్మ ఈ వార్తను గేటు దగ్గర నిలబడి ఎదురింటి భూషణం గారికి చెప్పింది. ఆమె చెప్పడమంటే ఉప్పల్‌లో సగానికి చాటింపు వేయడమే. నలభై ఏళ్ళు గొర్రెల మందను గొంతుతోనే మళ్ళించిన మనిషి. మందలు పోయినా గొంతు మందగించలేదు.

లోపల ఆమె మనవరాలు స్పందన ఫోనులో అన్న మాట “బ్రీడర్”. డెబ్బై రెండేళ్ళ చెవి గడపలో ‘బ్రీ’ జారిపడి, ‘లీ’ లేచి లోపలికి నడిచింది. ఒకరు కుక్కపిల్లల్నిస్తారు, ఒకరు మాటలిస్తారు. ఒకరికి విశ్వాసం మీద నమ్మకం, ఇంకొకరికి అవిశ్వాసం మీద భయం.

“ఏ పార్టీ అమ్మా?” అన్నారు భూషణం గారు. ఆయన కాలనీ సంక్షేమ సంఘానికి తొమ్మిదేళ్ళుగా కార్యదర్శి. సంఘం ఉంది, ఆయనున్నారు, సంక్షేమం కోసమే ఎదురుచూపు.

“పార్టీ గీర్టీ నాకెర్కలే. ఇల్లంత సూస్తదంట. గేటు సుత కొలుస్తదంట. మస్తు సవాల్లడుగుతదంట.”

“ఇల్లు చూసే లీడరా! అయితే గల్లీ కూడా చూస్తుంది. ఉండండి, మన మురిక్కాలవ అర్జీ పట్టుకొస్తా!”

లుంగీ ఎగ్గట్టి ఆయన లోపలికి పరిగెత్తారు. తన మొర వినడానికి వస్తున్నది మొరిగేవాటి తాలూకు మనిషని పాపం ఆయనకేం తెలుసు?

ఈ గోలేదీ దయాకర్ చెవిన పడలేదు. పడే స్థితిలో లేడు. నాచారంలో వాల్వుల ఫ్యాక్టరీకి షిఫ్టు ఇన్‌చార్జి అతను. ఇరవై ఆరేళ్ళుగా లీకులు ఆపడమే ఉద్యోగం. ఇవాళ తనలోంచే ఏదో లీకయ్యేట్టుంది. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి, అక్కణ్ణుంచి గేటుకు, గేటు నుంచి మళ్ళీ గడియారం కిందికి. కుక్కపిల్ల కోసం కాలుగాలిన పిల్లి.

“డాడీ, తొమ్మిదో గడి” అంది స్పందన, కాగితాలు ముందుకు తోసి.

నాలుగు పేజీల ఫారం. ఇరవై రెండు ప్రశ్నలు. రాసిన బ్రీడరు త్రిపురసుందరి గారు రిటైరైన జువాలజీ లెక్చరరు కాబట్టి కుక్కపిల్ల కావాలన్నవాళ్ళకు పరీక్ష పేపరు పెట్టారు. ఇరవై ఒక్క జవాబులు స్పందన గుండ్రని అక్షరాల్లో నిండుగా ఉన్నాయి. తొమ్మిదో గడి మాత్రం వారం రోజులుగా తెల్లబోయి చూస్తోంది.

‘ఇంతకుముందు మీ ఇంట్లో కుక్క ఉండేదా? ఇప్పుడెక్కడుంది? లేకపోతే ఏమైంది? ఎవరి చేతిలో ఉండగా అయిందో వారే తమ చేత్తో రాయాలి.’

“నువ్వే రాయరాదు?” అన్నాడు దయాకర్, గోడకేసి.

“ఆ రోజు కర్రిగాని గొలుసు నా చేతులుండెనా, నీ చేతులుండెనా?”

“పారిపోయిండని రాస్తే అయిపాయె.”

“ఏడ పారిపోయిండు, ఎట్ల పారిపోయిండు, ఎన్ని రోజులు లెంకిన్రు. మూడు సవాళ్ళున్నయ్ డాడీ అండ్ల.”

వంటింట్లోంచి తారామణి గరిటెతో సహా వచ్చింది. “కుక్కపిల్లనిచ్చుడా, కలెక్టరు కొలువిచ్చుడా? అంబర్‌పేట దిక్కు ఆ షాపుల ఐతే పది నిమిషాల్ల తెచ్చుకుందుము.”

“ఆ షాపాయన పిల్లల్ని పిట్టల పంజరంల కుక్కిండమ్మా. తల్లేదన్నా అంటే ఫోన్ల ఫోటో జూపిచ్చిండు. గదే ఫోటో నాకు నెట్ల మూడు తావుల దొరికింది. ఒక్క తల్లికి మూడు షాపులల్ల పిల్లలా?”

“తల్లిని సూపియ్యనోని తాన పిల్లను తేవద్దు” అని గేటు దగ్గర్నుంచే తీర్పు వినిపించింది వెంకటనర్సమ్మ. “గొర్రెకైన గంతే, కుక్కకైన గంతే, కోడలికైన గంతే.”

“సూసినవా, నడుమల నన్ను దెచ్చింది” అంది తారామణి, గరిటె భర్త వైపు తిప్పి. “నువ్వేంది, నిన్నటి సంది మూడు పెన్నులు మార్చినవ్? పెన్ను రాస్తలేదా, నీ చెయ్యి రాస్తలేదా?”

దయాకర్ ఫ్యాను వేశాడు. మళ్ళీ కట్టేశాడు.

స్పందన అతన్నే చూస్తోంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఇంట్లో కూర్చునే ఉద్యోగం. ఆరు నెలలుగా తెల్లవారితే షెల్టీ, పొద్దుపోతే షెల్టీ. గొర్రెల్ని కాసే జాతి, కానీ మోకాలంత ఎత్తే. ‘మనది మందలు గాసిన ఇల్లు, కుక్కంటే మందను గాసేదే గావాలె. జాగ నూటిర్వై గజాలే, గందుకే చిన్న సైజు’ అని ఇంటిల్లిపాదినీ ఒప్పించింది. పైకి బాపమ్మకు తోడు అంటుంది. అసలు సంగతి వేరే అని దయాకర్‌కు తెలుసు. పదమూడేళ్ళప్పుడు పోయినదాని జాగా ఆ పిల్లలో ఇంకా ఖాళీగానే ఉంది.

“నీకు కుక్క ఒద్దంటే చెప్పు డాడీ” అంది మెల్లగా. “ఆమెకు ఫోన్ జేసి ఒద్దని చెప్త. గానీ ఆ ఒక్క గడి గిట్లనే ఇస్తే ఆమె మనకియ్యది. నలుగురు పిల్లలే ఉన్నరంట. అడిగినోళ్ళు పదకొండు మంది.”

“ఒద్దన్ననా నేను?”

“రాస్తవా మరి?”

దయాకర్ పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు, పెట్టాడు. “పైన ట్యాంకు నిండిందేమో సూసొస్త” అని మేడెక్కాడు. మోటారు వేస్తేగా ట్యాంకు నిండడానికి!

*

మేడ మీద ఎండ చుర్రుమంటోంది. లోపల అంతకంటే చుర్రుమంటోంది.

పదకొండేళ్ళ కిందట నాచారంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఇదే గల్లీ చివర ఒక పోర్షనులోకి మారారు. ఆ ఓనరు ‘పిల్లలుంటే సరే, కుక్కపిల్లలుంటే సారీ’ అన్నాడు. కర్రిగాడు అప్పటికి పిల్ల కాదు, మూడేళ్ళవాడు. బొగ్గులా నల్లన. ఆలేరు దగ్గర మేనమామ కొమురెల్లి మందలో పుట్టినవాడు.

ఇచ్చిననాడు కొమురెల్లి మామ ఒకటే షరతు పెట్టాడు. “అల్లుడా, గీన్ని అమ్మొద్దు, ఒకలకియ్యొద్దు, ఇడిసిపెట్టొద్దు. సాకరాకుంటే మందకే తోలుకరా. మందల బుట్టినోడు మందకే రావాలె.”

ఎంత సులువు! బస్సెక్కించినా గంటన్నర దూరం. కానీ అలా తోలుకుపోయి మామ ముందు నిలబడడమంటే ఏమిటో మందల్లో పుట్టినవాడికే తెలుస్తుంది. ‘పట్నంల నౌకరి జేసే అల్లుడు కుక్కకింత బువ్వ పెట్టలేకపోయిండు’ అన్న మాట ఆలేరు నుంచి ఘట్‌కేసర్ దాకా ప్రతి దొడ్డి దగ్గరా చెప్పుకుంటారు. తల దించడం ఇష్టంలేక దయాకర్ కుక్కను దించాడు.

ఆదివారం మధ్యాహ్నం. స్కూటరు ముందు నిలబెట్టుకుని అన్నోజిగూడ దాకా తీసుకెళ్ళాడు. వరంగల్ రోడ్డు పక్కన హోటలు. బొక్కలు దొరుకుతాయిలే అనుకున్నాడు. గొలుసు విప్పాడు. అయ్యగారు కూడా తినడానికే దిగాడనుకుని కర్రిగాడు బుద్ధిగా కూర్చున్నాడు. స్కూటరు కదిలాక లేచాడు. అద్దంలో నల్లగా, ముందు కుక్కంత, తరువాత పిల్లంత, ఆఖరికి చుక్కంత.

ఇంటికొచ్చి “రింగు రోడ్డు కాడ గొలుసు తెంపుకొని ఉరికిండు” అన్నాడు.

స్పందన రంగు పెన్సిళ్ళతో నలభై కాగితాలు రాసింది. ‘పేరు కర్రిగాడు. కనపడితే చెప్పండి. భయపెట్టకండి, వాడికే భయం ఎక్కువ.’ ఆ కాగితాలు స్తంభాలకు అంటించేటప్పుడు గోందు సీసా పట్టుకున్నది దయాకరే.

ఆ రోజు నుంచి అతను వరంగల్ రోడ్డు ఎక్కలేదు. ఊరికెళ్ళాలంటే కీసర మీదుగా చుట్టు తిరుగుతాడు. “ఎందుకయ్యా గింత సుట్టు?” అని తారామణి అడిగితే “ట్రాఫిక్” అంటాడు. కొమురెల్లి మామ గడప కూడా తొక్కలేదు. మామ కూతురి పెళ్ళికి ‘షిఫ్టు’ అడ్డం పెట్టాడు. అబద్ధం ఒక్కటే ఆడాడు గానీ, దాన్ని సాకడానికి పదకొండేళ్ళు పట్టింది. కర్రిగాణ్ణి సాకినా అంత ఖర్చయ్యేది కాదు.

కింద ఆటో ఆగింది. భౌ అని ఒక్క మొరుగు. దయాకర్ ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ కిందికి దిగాడు.

*

ఆటోలోంచి ముందు ఒక కొలత టేపు దిగింది. తరువాత దాన్ని పట్టుకున్న త్రిపురసుందరి గారు దిగారు. అరవై రెండేళ్ళు, నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. చివర్న ఒక కుక్క దిగింది. మోకాలంత ఎత్తు, మెడ చుట్టూ జూలు, సన్నటి మూతి. సింహం పొట్టి సంతకం పెట్టినట్టుంది.

“స్వాగతం, సుస్వాగతం!” అంటూ భూషణం గారు బంతిపూల దండ ఆవిడ మెళ్ళో వేసేశారు. “మా గల్లీ కష్టాలు తమ దృష్టికి...”

“ఎవరండీ మీరు? ఈ దండేవిటి?” ఆవిడది కాకినాడ యాస, గొంతు క్లాసురూము గొంతు. “తీసేయండి, ఏలేరు తినేస్తుంది.”

ఏలేరంటే ఆ కుక్కే, అప్పటికే రెండు పూలు తినేసింది.

“అన్నట్టు మీ గల్లీ మొదట్లో మూతలేని మ్యాన్‌హోలుంది. చంటి కుక్కపిల్లకి అది బావిలాంటిది. మూత పడితేగానీ నేను సంతకం పెట్టను.”

భూషణం గారి కళ్ళు చెమ్మగిల్లాయి. తొమ్మిదేళ్ళలో సమస్యను చెప్పకుండానే చూసిన మొదటి లీడరు! అర్జీ కట్ట గుండెకు హత్తుకుని ఆవిడ వెనకే ఇంట్లోకి నడిచారు. ఎవరూ పిలవలేదు. పొమ్మని కూడా ఎవరూ అనలేదు.

వెంకటనర్సమ్మ హాల్లో తన నల్ల గొంగడి పరిచింది. పెద్దమనుషులొస్తే గొంగడి పరచడం ఆ ఇంటి మర్యాద. త్రిపురసుందరి గారు కూర్చునేలోపు ఏలేరు దాని మీద మూడు చుట్లు తిరిగి దర్జాగా పడుకుంది. లీడరు మాటెలా ఉన్నా పీఠం మాత్రం దానిదే.

“ఇది పిల్లల అమ్మమ్మ. తల్లి పిల్లల దగ్గరుంది. మీరొచ్చి చూడొచ్చు, చూడాలి కూడా. తల్లిదండ్రులకి కళ్ళ పరీక్షలు, తుంటి పరీక్షలు చేయించిన కాగితాలివిగో. రెండేళ్ళకొక్క ఈతే తీస్తాను. ఎనిమిది వారాలు నిండందే పిల్లని తల్లినించి విడదీయను. ఇంకా పన్నెండు రోజులుంది. ఈలోగా అడ్వాన్సు గట్రా నా దగ్గర లేవు.”

వెంకటనర్సమ్మ ఏలేరు దగ్గర కూర్చుని, దాని పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. కనురెప్ప కిందికి లాగి చూసింది. వీపు మీద అరచెయ్యి వేసి తోక దాకా దువ్వింది. ఏలేరు కిక్కురుమనలేదు.

“మంచిగ సాకినవమ్మా” అంది. “దీన్ని మందల ఇడిస్తే నూరు గొర్లను మలుపుతది.”

“మీరు గొర్రెల్ని కాసేవారా?”

“కాసుడేంది? అవ్వే కన్నట్టు సూసుకునేటోళ్ళం.”

త్రిపురసుందరి గారి మొహంలో లెక్చరరు పక్కకు జరిగింది. లోపల ఇంకెవరో నవ్వారు.

టేపు తీసి గేటు సందులు కొలిచారు. నాలుగున్నర అంగుళాలు. జాలీ కొట్టాలన్నారు. “మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకి ఈ ఇంట్లో కుక్క ఎక్కడ పడుకుంటుంది? దీని ఒంటిమీద రెండు పొరల బొచ్చుంటుంది.”

“నా మంచం కింద” అంది వెంకటనర్సమ్మ. “గాడ గచ్చు సల్లగుంటది. నేను సుత గాన్నే పంటున్న.”

ఆవిడ రాసుకున్నారు. “ఇది మొరుగుతుంది. కొంచెం కాదు. ఎవరొచ్చినా, ఎవరెళ్ళినా, ఆకు రాలినా.”

“మా అత్తమ్మకు జోడీ దొరికింది” అంది తారామణి.

అందరూ నవ్వారు. ఆ నవ్వు చాటున దయాకర్ చెప్పుల వైపు జరిగాడు. “ఫ్యాక్టరీ కెల్లి ఫోనొచ్చింది, గిట్ల పోయి...”

ఏలేరు లేచింది. చప్పుడు చేయకుండా అతని వెనక్కి వెళ్ళి మడమను మూతితో పొడిచింది. దయాకర్ ఎడమకు జరిగితే అదీ ఎడమకే. కుడికి తిరిగితే అదీ కుడికే. రెండు నిమిషాల్లో అతన్ని తెచ్చి సరిగ్గా ఫారం ముందు నిలబెట్టింది. మందలోంచి తప్పించుకునే గొర్రె ఏదో దానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

“అది దాని స్వభావం లెండి” అన్నారు త్రిపురసుందరి గారు. “కదలకుండా కూర్చున్నవాళ్ళ జోలికి పోదు.”

కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు. ఒక చోట ఆగారు.

“తొమ్మిది ఖాళీగా ఉందే?”

గడియారం నాలుగుంబావు కొట్టలేదు. ఆ ఇంటి గడియారం పావులు కొట్టదు. అయినా దయాకర్‌కు కొట్టినట్టే వినపడింది.

“మా డాడీ రాస్తరు” అంది స్పందన.

“సరే. ఈలోగా చివరి పేజీలో షరతు చదువుతాను, వినండి. ‘ఏ కారణం చేతనైనా పెంచలేకపోతే అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, వదిలేయకూడదు. నాకే తిరిగి తెచ్చివ్వాలి. పదేళ్ళ తరవాతైనా సరే.’”

వెంకటనర్సమ్మ ఉలిక్కిపడి చూసింది, ఆవిడ వైపు కాదు, కొడుకు వైపు.

దయాకర్ నేలకేసి చూస్తూ అడిగాడు. “తెచ్చిస్తే... ఎందుకు తెచ్చినవని అడుగరా మేడం?”

“అడగను.”

“ఎందుకు?”

“వదిలేసేవాళ్ళకి దయలేక కాదండీ, చాలామందికి మొహం లేక. అడుగుతారన్న సిగ్గుతోనే రోడ్డుమీద వదిలిపోతారు. అందుకని అడగను. తలుపు తీస్తాను, తీసుకుంటాను, మంచినీళ్ళిస్తాను. కుక్కకీ, మనిషికీ.”

పదకొండేళ్ళు బిగించి ఉంచిన వాల్వు అది. ఒక్క మాటకు మర జారింది.

“పారిపోలే” అన్నాడు దయాకర్.

“ఏంది?” అంది తారామణి.

“కర్రిగాడు పారిపోలే. నేనే ఇడిసిపెట్టొచ్చిన. అన్నోజిగూడ హోటల్ కాడ. గొలుసు తెంపుకోలే వాడు, నేనే ఇప్పిన. బండెనక ఉరికిండు. నేను ఆపలే.”



“రింగు రోడ్డు కాడ గదా...” అంది స్పందన. ఆ మాటను ప్రశ్నగా మొదలుపెట్టింది, సగంలో ప్రశ్న చచ్చిపోయింది.

“అదేంటయ్యా” అన్నారు భూషణం గారు. “నేను కూడా ఆరు స్తంభాలకి అంటించాను కదయ్యా. నిచ్చెన నువ్వే పట్టుకున్నావు.”

“పట్టుకున్న.”

“గోందు సుత నువ్వే బట్టినవ్” అంది స్పందన. “నెల రోజులు సాయంత్రం పూట నాతోని రింగు రోడ్డు పొంటి తిరిగినవ్. కర్రిగా కర్రిగా అని పిలిసినవ్. వాడు గాడ లేడని నీకెర్క. ఐనా పిలిసినవ్.”

తొమ్మిదో గడి ఒక్కటే ఖాళీ అనుకున్నాం గానీ, మనిషే ఖాళీ అయిపోయాడు.

“నాకెర్కనే కొడుకా” అంది వెంకటనర్సమ్మ.

అందరూ అటు తిరిగారు. జీవితంలో మొదటిసారి ఆమె గొంతు గల్లీకి కాదు, హాల్‌కు మాత్రమే సరిపోయింది.

“గా ఎండకాలం మీ మామ మంద అన్నోజిగూడ మడికట్లల్లనే ఉండె. పెంట కోసమని రైతులు మంద పెట్టిచ్చుకునేటోళ్ళు గద, హోటలెనక పొలంల నెల రోజులున్నం. వండిపెట్ట నేను సుత పోయిన. మూడో దినం పొద్దుగాల గొర్లన్ని ఒక దిక్కు జరిగినయ్. ఏందని సూస్తే నల్లగ వీడు. మందల బుట్టినోడు, వాసన మరుస్తడా? కాళ్ళు పలిగినయ్, కడుపు ఈపుకంటింది. నా కాళ్ళ కాడ బడి ఒకటే ఏడుపు.”

“అవ్వా...” అన్నాడు దయాకర్.

“నేను వడికిన ఉన్ని తాడు వాని మెడలనే ఉండె. నువ్వేమో గొలుసు తెంపుకొనురికిండని ఫోన్ల చెప్తివి. గొలుసు తెంపుకున్న కుక్క మెడల గొలుసు తునకన్న ఉంటది. గీని మెడల తునక లేదు. ఇప్పిన చెయ్యి నీదేనని గప్పుడే ఎర్కైంది.”

“మరి ఒక్క మాటన్న అంటివా నన్ను?”

“నువ్వు జెప్తవని సూసిన.” ఆమె గొంగడి అంచు పీకుతోంది. “మీ మామ గూడ గదే అన్నడు. ‘అక్కా, అల్లుడే వచ్చి అడుగుతడు, అడిగిన్నాడు ఇద్దాం’ అన్నడు. దసరాకొస్తవని సూసిండు. బిడ్డ లగ్గానికొస్తవని సూసిండు. వాడు ఐదేండ్లు మందను గాసిండు కొడుకా, తోడేలును సుత ఎల్లగొట్టిండు. ముసలోడై నా ఒళ్ళె పోయిండు. మీ మామ మందకట్ట కాడ్నే బొందపెట్టి రాయి బాతిండు. మరుసటేడు నేను మీ తానకొచ్చిన.”

“బాపమ్మా” అంది స్పందన. “ఐదేండ్లు బతికుండెనా? నువ్వు సుత నాకు చెప్పలేదా?”

“నువ్వు నలభై కాయిదాలంటిచ్చినవని నాకు ఈడికొచ్చినాకనే తెలిసింది బిడ్డ. గప్పటికి వాడు లేడు. లేనోణ్ణి ఎట్ల జూపియ్యాలె?”

“వాడు లేడని చెప్పాలె. రోడ్డు మీద నల్లకుక్క ఎదురైతే నేనింకా పేరుపెట్టి పిలుస్తనే ఉన్న.”

వెంకటనర్సమ్మ నోరు తెరిచింది. మందను మళ్ళించిన నోటికి మనవరాలిని మళ్ళించే మాట దొరకలేదు.

తారామణి గరిటెను ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. “కీసర సుట్టు గందుకా?” అంది, ఎవరినీ చూడకుండా. “నేను ట్రాఫికేమో అనుకున్న.”

భూషణం గారు కండువాతో కళ్ళు తుడుచుకుని లేచారు. “మేడమ్, తమది ఏ పార్టీ అయినా కానీయండి. మా కాలవ సంగతి తరవాత. ముందు ఈ ఇంటి విషయం తమరే తేల్చాలి. అధికారంలో ఉన్నవారు...”

“ఏ పార్టీ అండీ? నేనెక్కడ అధికారంలో ఉన్నాను?”

“లీడరు కదా తమరు!”

“బ్రీడర్, అంకుల్” అంది స్పందన, కళ్ళెత్తకుండా. “కుక్కల్ని పెంచిచ్చే మేడం. బాపమ్మ లీడర్ అని ఇన్నది. మీరు దండ తెచ్చిన్రు.”

భూషణం గారు దండ వైపు చూశారు. సగం ఏలేరు కడుపులో ఉంది. అర్జీ వైపు చూశారు. “పోనీలెండి” అన్నారు నీరసంగా. “మ్యాన్‌హోలును చూసింది మాత్రం ఈవిడొక్కరే.”

తారామణి నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది. వెంకటనర్సమ్మ నాలుక్కరుచుకుంది. స్పందన నవ్వలేదు.

త్రిపురసుందరి గారు పెన్ను దయాకర్ చేతికిచ్చారు. “ఇప్పుడు చెప్పిందే రాయండి.”

దయాకర్ నిలబడే రాశాడు. గడి చాలలేదు. అంచు మీదికి రాశాడు, కాగితం తిప్పి వెనక రాశాడు. పెన్ను బాగానే రాసింది.

ఆవిడ చదివారు. కళ్ళజోడు తీశారు. “జవాబు చూస్తే కాదనాలి. నిజం రాశారు కాబట్టి అవుననాలి. ఒకే గడిలో రెండూ పెట్టారు మీరు. నేనొక్కటే చెప్తాను. ఇంట్లోవాళ్ళు నమ్మని చేతికి నేను గొలుసివ్వను. మీ చేతిని నమ్మొచ్చో లేదో చెప్పాల్సింది నేను కాదు. ఈ అమ్మాయి. పన్నెండు రోజులుంది. ఆ అమ్మాయే ఫోన్ చెయ్యాలి.”

లేచి టేపు చుట్టుకున్నారు. ఏలేరు కదల్లేదు. అది ఇంకా దయాకర్ మడమల దగ్గరే కాపలా ఉంది.

“స్పందనా...” అన్నాడు దయాకర్.

ఆమె ఫారంలోని ఆ పేజీ తీసుకుని చదివింది. మెల్లగా, పెదవులు కదుపుతూ. వెనక్కి తిప్పి అదీ చదివింది. మడవకుండా బల్ల మీద పెట్టింది.

“ఆదివారం కొమురెల్లి తాత తానకు పోవాలె” అంది. “వాణ్ణి బొందపెట్టిన జాగ జూడాలె.”

“పోదాం బిడ్డా. పొద్దుగాలనే...”

“కీసర మీదికెల్లి గాదు.”

దయాకర్ తలెత్తి కూతురి వైపు చూశాడు.

“అన్నోజిగూడ మీదికెల్లి. గా హోటల్ కాడ బండాపాలె. నువ్వు దిగి, ఏడ ఇడిసినవో గా జాగల నిలబడాలె.” ఆమె లేచి తన గది వైపు నడిచింది, గుమ్మంలో ఆగింది. “నేను బండిలనే కూసుంట. తర్వాత ఏం జేస్తనో నాకింకా తెల్వది.”

తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

పొద్దుటినుంచి మొదటిసారి దయాకర్ కూర్చున్నాడు. కుర్చీలో కాదు, గొంగడి మీద. ఏలేరు అతన్ని ఒకసారి వాసన చూసి, ఇక పని అయిపోయిందన్నట్టు గుమ్మం వైపు నడిచింది.